సిలువకు కుడిచెయ్యి

ఉలి పట్టుకోవడం కంటే ముందు మా నాన్న నాకు ఒక నియమం నేర్పాడు. భిన్నమైన విగ్రహం మన కొట్టంలో ఒక్క పూట కూడా ఉండకూడదు. ముక్కు కొస పెచ్చు లేచినా, చిటికెన వేలు విరిగినా, అది ఎంత గొప్ప పనైనా సరే, గోనెసంచి కప్పి కృష్ణ ఒడ్డుకు మోసుకెళ్లి నీళ్లలో వదిలెయ్యాల్సిందే. నాలుగు నెలల పనిని అలా నీళ్లపాలు చేసి వచ్చిన రోజు ఆయన అన్నం ముట్టలేదు. పల్నాడులో రాళ్లు చెక్కే ఇళ్లలో ఈ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు.

అలాంటి ఇంట్లో పుట్టిన నన్ను బహ్రెయిన్‌లో ఒక తెల్లాయన విరిగిన సిలువ చెక్కమన్నాడు. కావాలనే విరిగినట్టు, కావాలనే అరిగినట్టు. ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పటికీ తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

మా షెడ్డు మామీర్ దగ్గర ఉంది. బయట ఫ్యాక్టరీల వాసన, లోపల రాతిదుమ్ము. వీసా మీద శిల్పి అని రాయించుకుని వచ్చిన నేను ఏడేళ్లుగా చెక్కింది బాత్రూం గట్లు, వంటింటి బండలు, డబ్బున్నవాళ్ల గుమ్మాల ముందు నోట్లోంచి నీళ్లు చిమ్మే చేపలు. వందకు పైగా చేపలు చెక్కాను. చేప కనిపిస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది.

మా షెడ్డులో పాలిష్ పట్టే అన్న ఒకాయన ఉన్నాడు. కోనసీమ మనిషి, నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. గుదైబియాలో మా ఇద్దరిదీ ఒకటే గది. వంట ఆయనది, గిన్నెలు నావి. ఆయన భార్య సనాబిస్‌లో ఒక ఇంట్లో పని చేసేది. శుక్రవారం తెలుగు ఆరాధన అయ్యాక ఇద్దరూ చర్చి గోడ నీడన కూర్చుని, ఒక ఖుబూసు రొట్టెను సగం చేసుకుని, ఆమె తెచ్చిన కూరతో తినేవాళ్లు. వారానికి ఆ ఒక్కపూటే వాళ్ల సంసారం. నాలుగేళ్ల కిందట ఆమె గుండె ఆగి పోయింది. ఊరికి పంపడానికి కాగితాలన్నీ సిద్ధమయ్యాక అన్నే వద్దన్నాడు. నేనుండేది ఇక్కడైతే ఆవిణ్ణి అక్కడ పెట్టి పలకరించేదెవరు అన్నాడు.

సమాధుల తోటలో ఆమె తల దగ్గర ఒక సిమెంటు బిళ్ల, దాని మీద పెయింటుతో ఒక నంబరు. అంతే. ఉప్పుగాలికి ఆ నంబరు ఏడాదికోసారి చెరిగిపోతుంది, అన్న బ్రష్షు పట్టుకెళ్లి మళ్లీ దిద్ది వస్తాడు. ఊళ్లో అందరి రాళ్లనూ అద్దాల్లా మెరిపించే మనిషి పెళ్లానికి గుప్పెడు రాయి లేదు. సిలువ చెక్కించుకుంటాను, ఒక పనికిరాని ముక్క ఇవ్వమని మేనేజరును రెండుసార్లు అడిగాడు. షెడ్డులో గులకరాయి కూడా కంపెనీదేననీ, ఒకరికిస్తే పదిమంది చేయి చాస్తారనీ ఆయన చెప్పాడు. ఆ పనికిరాని ముక్కలేమో బయట ఇనప తొట్టిలో పడి వారం వారం లారీలో పోతుంటాయి. చెత్తకిస్తాడు, మనిషికివ్వడు. ఇదేం బుద్ధో నాకర్థం కాదు.

సరిగ్గా అప్పుడే సిలువ ఆర్డరు వచ్చింది. మేనేజరు ఇరవై దాకా ఫోటోలు నా ముందు పరిచాడు. తెల్లాయన పుట్టిన ఊళ్లో, చర్చి పెరట్లో, సమాధుల మధ్య నిలబెట్టిన రాతి సిలువ అది. ఎనిమిది వందల ఏళ్ల నాటిదట. నా భుజమంత ఎత్తున అచ్చం అలాంటిదే తన విల్లా తోటలోకి కావాలట. సేమ్ టు సేమ్ ఫోటో, భాయ్, యల్లా, కానియ్ అని చెప్పి మేనేజరు వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటే చెప్పాడు. రాసుకోండి, ఇంకేమీ చెప్పలేదు.

ఆ ఫోటోలు చూస్తూ నేను మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను. నాలుగు పక్కలా గళ్లు, గడిగడికీ బొమ్మలు, అంచుల వెంట పాకే ద్రాక్షతీగ. ఎన్ని వందల ఏళ్లు వాన కొట్టిందో, ముఖాలన్నీ అరిగిపోయి నున్నగా అయ్యాయి. కుడిచెయ్యి అసలు లేనే లేదు, భుజం దగ్గర విరిగిపోయింది. ఆ విరిగిన ముక్క సిలువ అడుగున గడ్డిలో పడి ఉంది, దానికి విడిగా ఒక ఫోటో తీశారు. చాలాకాలం బోర్లా పడి ఉందేమో, వాన తగల్లేదు. దాని మీద చెక్కుడు నిన్న మొన్న చేసినంత స్పష్టంగా ఉంది. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నారు, మధ్యలో గుండ్రంగా ఏదో పట్టుకున్నారు. చక్రమా, డప్పా అని నేను తల బద్దలు కొట్టుకుంటుంటే అన్న నా భుజం మీదుగా తొంగిచూశాడు.

“రొట్టె తమ్ముడూ. ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని ఇరుత్తున్నారు,” అన్నాడు.

అది విన్నాక నాకు తాళంచెవి దొరికినట్టయింది. ఆ చెయ్యిని బట్టి ఆ పాతకాలపు శిల్పి ముక్కు ఎలా తీస్తాడో, కంటిరెప్ప ఎన్ని దెబ్బల్లో వేస్తాడో, మడతకీ మడతకీ ఎంత ఎడం ఇస్తాడో పట్టేశాను. వాడెవడో నాకు తెలీదు, వాడి భాష తెలీదు, వాడి దేవుడు వేరు. కానీ చేతిపని తీరు ఒక్కసారి దొరికాక మనిషి దొరికినట్టే. గడ్డిలో పడ్డ చెయ్యి ఫోటో పంపింది దాన్ని తిరిగి పెట్టడానికే అనుకున్నాను. విరిగినదాన్ని విరిగినట్టే ఉంచమని రాయిపని తెలిసినవాడు ఎవడైనా అడుగుతాడా? మా వంశంలో అలాంటి ఆర్డరు ఎవరూ వినలేదు. నా బుర్రకు ఆ ఊహే తట్టలేదు.

రెండు నెలలు చెక్కాను. చేపల్ని పక్కన పెట్టి, ఓవర్‌టైం చేసి చెక్కాను. అరిగిన ప్రతి ముఖానికీ ముక్కు తెచ్చాను, పెదవి తెచ్చాను. ద్రాక్షతీగ మూడు ఆకులకో గుత్తి చొప్పున నడుస్తోందని లెక్క తేల్చి, చెరిగిపోయిన చోటల్లా పాకించాను. కుడిచెయ్యి మీద రొట్టె విరుస్తున్న ఇద్దర్నీ కూర్చోబెట్టాను. చిట్టచివర, మా పద్ధతిలో, తలస్నానం చేసి వచ్చి నడిమి గడిలోని ప్రభువుకు కళ్లు చెక్కి తెరిచాను. ఆ రోజు అన్న మిషను ఆపి వచ్చి, టోపీ తీసి, చాలాసేపు నిలబడ్డాడు. వేలితో ఆ రొట్టె అంచు తడిమి వెళ్లి మళ్లీ మిషను వేసుకున్నాడు.

తెల్లాయన చూడ్డానికి వచ్చాడు. చెడ్డమనిషని నేననను. తెల్లజుట్టు, మెత్తటి మాట, మాకందరికీ చల్లటి నీళ్ల సీసాలు తెచ్చాడు. సిలువ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముఖం మాడిపోయింది. మేనేజరును పక్కకు పిలిచి మాట్లాడాడు. నేను చెయ్యి తుడుచుకుంటూ మెచ్చుకోలు కోసం నిలబడ్డాను, సిగ్గులేనివాణ్ని. ఆయన చిన్నప్పుడు ఆ సిలువ కింద ఆడుకున్నాడట. ఆయనకు తెలిసిన సిలువకు ముఖాల్లేవు, ఒక చెయ్యి లేదు. ఇదేదో కొత్త సిలువ, దుకాణంలో కొన్నట్టుంది, దీన్ని తోటలో పెట్టుకోలేను అన్నాడట. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. అన్నీ నిండుగా ఉన్న దేవుణ్ని చూసి ముఖం మాడ్చుకునే బుద్ధిని మాత్రం నేను అక్కడే చూశాను.

ఆయన వెళ్లగానే మేనేజరు నా మీద పడ్డాడు. ఫోటోలో లేనివి పెట్టమని ఎవడు చెప్పాడన్నాడు. ముక్కులన్నీ రుద్దెయ్యి, చెయ్యి విరగ్గొట్టు, యాసిడ్ పోసి పాతగా చెయ్యి, శనివారానికి కావాలి, ఖలాస్ అన్నాడు. నా వల్ల కాదన్నాను. కళ్లు తెరిచిన ముఖం మీద చెయ్యి వెయ్యకూడదని, అది పాపమని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆయన నవ్వాడు. నవ్వి, గ్రైండరు తీసుకెళ్లి అన్న చేతిలో పెట్టాడు. అయితే నువ్వు చెయ్యి అన్నాడు.

అన్న గ్రైండరు పట్టుకుని ఆ సిలువ ముందు నిలబడ్డాడు. ఆయన కొలిచే దేవుడి ముఖం అది. రోజూ పొద్దున లేచి ఆ పేరు తలవకుండా టీ తాగని మనిషి. కాదంటే డ్యూటీ పోతుంది, డ్యూటీ పోతే ఈ దేశం వదిలి పోవాలి, ఆ సిమెంటు బిళ్ల దగ్గర నంబరు దిద్దేవాడుండడు. ఇదంతా ఆయన ముఖంలోనే కనిపిస్తోంది. గ్రైండరు స్విచ్చు మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. కాకికేం తెలుసు ఎద్దు పుండు నొప్పి? మేనేజరు ఫోను చూసుకుంటున్నాడు.

వెళ్లి ఆ గ్రైండరు లాక్కున్నాను. ఆ మేనేజరు తాడు తెగ! చెయ్యక తప్పదంటే నా చేత్తోనే చేస్తాననుకున్నాను. చెక్కుడు తెలియనివాడు కొడితే చెయ్యితోపాటు నిలువు రాయి కూడా చీలుతుంది. ముక్కులు రుద్దాను. పెదవులు రుద్దాను. కళ్లు రుద్దేటప్పుడు అటు చూడలేదు, వేళ్లతో తడుముకుంటూ రుద్దాను. మళ్లీ మళ్లీ మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన పోయాడు కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఏ ముఖం పెట్టుకుని చెప్పేవాణ్ని?

ఇక చెయ్యి. భుజం దగ్గర వరసగా బెజ్జాలు వేసి, మేకులు దిగ్గొట్టి, ఒకదాని తర్వాత ఒకటి తడుతూ పోయాను. రాయి విరగబోయే ముందు చప్పుడు మారుతుంది, గంటలా మోగేది మొద్దుగా పలుకుతుంది. ఆ చప్పుడు వినగానే అన్న పరుగున వచ్చి కింద గోనెసంచి పరిచి, రెండు చేతులూ పట్టాడు. మూరెడు రాయి ఆయన చేతుల్లోకి ఊడిపడింది. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

చెత్తలో వెయ్యమని మేనేజరు తొట్టి వైపు చూపించాడు. వేశాం. ఆయన కారు గేటు దాటాక అన్న నా దగ్గరకొచ్చి, అది మా ఆవిడకి పెట్టుకుంటాను తమ్ముడూ అన్నాడు. తొట్టిలో పడ్డాక అది ఎవరిదీ కాదుగా అన్నాడు.

నాకు అన్న మీద కూడా కోపం వచ్చింది. అది భిన్నమైపోయింది, భిన్నమైనది నీళ్లలోకి పోవాలే తప్ప మనిషి తలాపున పెట్టకూడదు అని గట్టిగా చెప్పాను. ఎక్కడన్నా మంచి ముక్క సంపాదించి నేనే నిండు సిలువ చెక్కి ఇస్తానన్నాను. ఆయన నా మాట పూర్తిగా విన్నాడు.

“విరవకుండా మాకు ప్రభువు బల్లే లేదు తమ్ముడూ,” అన్నాడు. “పాస్టరు గారు రొట్టె విరిచి చేతిలో పెడితేనే మాకు ఆరాధన. విరిగిందని పారేసేవోడైతే ప్రభువు నన్నెప్పుడో పారేసేవోడు.”

నేను వెళ్లి ఆ గోనెసంచి తీసి దాచాను. మర్నాడు పొద్దున లారీ రాకముందే ఇద్దరం ఆ ముక్కను తొట్టిలోంచి తీసి గోనెలో చుట్టాం.

శుక్రవారం ఆరాధన అయ్యాక తెలిసినవాళ్ల పికప్‌లో సమాధుల తోటకు తీసుకెళ్లాం. పెద్ద రాళ్లు పెట్టాలంటే కాగితాలు కావాలి, ఈపాటి ముక్కను ఎవరూ అడగరు. సిమెంటు బిళ్లను ఆనుకుని నిలబెట్టాం. విరిగిన వైపు పక్కకు ఉంది, రొట్టె విరిచే ఇద్దరూ దారి వైపు చూస్తున్నారు. ఎండకు రాయి కాలిపోతోంది. నేను తువ్వాలు తడిపి తలకు చుట్టుకుని, వెనక పక్క ఆమె పేరు తెలుగులో చెక్కాను. అంత చక్కటి అక్షరాలు నేను నా జన్మలో చెక్కలేదు. అన్న నీళ్లు పోసి కడిగి, జేబులోంచి చిన్న పాలిష్ రాయి తీసి ఆ అక్షరాలకు మెరుగు పెట్టాడు. అలవాటుగా బ్రష్షు, పెయింటు డబ్బా కూడా తెచ్చుకున్నాడు. వాటిని అలాగే సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చాడు.

మూడు వారాలు అన్న పాటలు పాడుతూ వంట చేశాడు. నాలుగో వారం మేనేజరు వచ్చి ఆ చెయ్యి ఏదని అడిగాడు.

సిలువ తోటలో నిలబెట్టాక తెల్లాయన ఫోటోతో పోల్చి చూసుకున్నాడట. ఫోటోలో విరిగిన చెయ్యి గడ్డిలో ఉందిగా, మరి నా గడ్డిలో ఏదీ అని అడిగాడట. చూశారా! ముక్కు ఉంటే అక్కర్లేదు, కన్ను ఉంటే అక్కర్లేదు, చెత్త మాత్రం లెక్కప్రకారం కావాలి. ముప్పై ఏళ్ల కాపురంలో ఒక రాయికి నోచుకోని ఆడమనిషి తల దగ్గర్నుంచి లాక్కెళ్లి, నీళ్లు చిమ్మే పచ్చగడ్డి మీద అందంగా పడెయ్యాలి. సామాన్ రేపటికల్లా ఇక్కడుండాలని మేనేజరు చెప్పి వెళ్లాడు.

అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన మిషనుకున్న పాలిష్ బిళ్ల విప్పుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

“ఎళ్లి తెచ్చేద్దాంలే తమ్ముడూ. పేరొకటే గదా, రుద్దేత్తే పోద్ది. రుద్దడం నాకేం కొత్త?”

ఆ మాట విన్నాక నాలో ఏదో తెగిపోయింది. ఆయన మీద అరిచాను. దేవుడి ముఖం నేను రుద్దాను, చాలు, పెళ్లాం పేరు నువ్వు రుద్దొద్దు అని అరిచాను. పక్క మిషన్ల మీద ఉన్న బెంగాలీలు, పాకిస్తానీలు అందరూ పని ఆపి చూశారు. అదే ఊపులో మేనేజరు గదిలోకి వెళ్లి, మీరు తొట్టిలో వెయ్యమన్నారు, వేశాం, లారీ తీసుకెళ్లిపోయింది, కావాలంటే చెత్తదిబ్బలో వెతుక్కోమని చెప్పాను. అబద్ధమాడినందుకు నాకిప్పటికీ విచారం లేదు. మా అమ్మ, అక్క ఎవర్నీ వదలకుండా ఆయన నన్ను తిట్టాడు. చివరికి, రెండు శుక్రవారాలు సెలవు లేకుండా వచ్చి మరో చెయ్యి చెక్కమన్నాడు. విరిగినట్టు కనిపించే చెయ్యి.

చెక్కాను. ఎప్పుడూ నిండుగా లేని చెయ్యి, పుట్టుకతోనే విరుగు. ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలంటే నాకు అసహ్యం వేస్తుంది. నిజంగా విరిగిన రాయికి లోపలి రవ్వ మెరుస్తుంది, గరుకులో ఒక దారి ఉంటుంది. ఉలితో చెక్కిన విరుగు చచ్చినట్టుంటుంది, యాసిడ్ పోసినా దుమ్ము రుద్దినా అంతే. పైగా, విరిగిన రెండు ముక్కలు లోకంలో ఒకదానికొకటే అతుకుతాయి. ఎత్తుకు పల్లం, పల్లానికి ఎత్తు. సిలువ భుజం మీదున్న విరుగుకు సరిపోయే జోడు సమాధుల తోటలో ఉంది. నేను చెక్కింది దానికి జోడు కాదు, ఏడు జన్మలెత్తినా కాదు. పక్కన పెట్టి చూస్తే పసిపిల్లాడైనా చెప్పేస్తాడు.

దాన్ని ఇవ్వడానికి నన్నే పంపారు. తెల్లాయన ఫోటో చేత్తో పట్టుకుని, గడ్డిలో దాన్ని ఇటు జరిపి, అటు తిప్పి, సరిగ్గా ఫోటోలో ఉన్న చోటే పడుకోబెట్టించాడు. భుజానికి అతికించి చూస్తాడేమోనని నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే చూడాలనే కోరుకున్నాను. చిన్నప్పుడు దాని కింద ఆడుకున్న మనిషి కదా, ఒక్కసారి ఆ రెండు విరుగుల వంకా చూడు, చూసి నన్ను దొంగా అని తిట్టు, నీ కాళ్లకు దణ్ణం పెడతాను అనుకున్నాను. చూళ్లేదు. ఇప్పుడు అచ్చం మా ఊరిలానే ఉందన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకు. నాకు చెయ్యి కలిపి, చల్లటి నీళ్ల సీసా ఇచ్చాడు. గేటు బయటకొచ్చి ఆ నీళ్లు నేలపాలు చేశాను.

వారం తిరక్కుండా మేనేజరు నవ్వుకుంటూ వచ్చాడు. ఆ తోటలో విందుకు వచ్చినవాళ్లు సిలువను చూసి ముచ్చటపడ్డారట. అలాంటివే ఇంకో రెండు కావాలట, ఒకదానికి రెండు చేతులూ విరిగి ఉండాలట. మళ్లీ ఫోటోలు పరిచాడు. ఈసారి ముందే చెప్తున్నాను, ముక్కులు పెట్టొద్దన్నాడు.

చిరాకుతో పళ్లు పటపట కొరికాను. ఫోటోలు తీసుకుని ఒక్కొక్కటీ చూశాను. గడ్డిలో పడ్డ ముక్క ఒక్కదాంట్లోనూ లేదు. అన్న మిషను ఆపి నా వైపే చూస్తున్నాడు. ఆయన భార్య ఉన్న వరసలోనే నంబరు బిళ్లలు ఇంకో నాలుగున్నాయి. వాటిలో ఒకటి కడప వైపు నుంచి వచ్చిన వంటమనిషిది, ఒకటి నేను రాకముందు మా షెడ్డులో పనిచేసిన వెల్డరుది. ఆ రోజు పేరు చెక్కుతుంటే వాళ్ల సంగతులు అన్నే చెప్పాడు.

ఈసారి ముందు చేతులన్నీ నిండుగా చెక్కుతాను, ఆ తర్వాతే విరగ్గొడతాను, అలా అయితేనే విరుగు నిజంగా కనిపిస్తుంది అని మేనేజరుకు చెప్పాను. ఆయన నా భుజం తట్టి, ఇప్పటికి పని నేర్చుకున్నావు భాయ్ అన్నాడు. అన్న ఆ పాత గోనెసంచి దులిపి, మడిచి, తన పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు.